ఒక పటం, రెండు గోడలు

వాన ముందు నాలుగు చినుకులు రాల్చి చూసింది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి కోపం వచ్చినట్టుంది, కొండ మీంచి ఒక్కసారిగా విరుచుకుపడింది.

మదాం ఫెర్నాంద్ కొట్టు ముందు గోలగోలైపోయింది. రేవు ఊరు జాక్మెల్‌లో పటాలమ్మే కొట్లన్నిటిలాగే ఆవిడ సరుకు కూడా సగం వీధి గోడకే వేలాడుతుంటుంది. "బాబ్బాబు, లోపల పెట్టండర్రా! నా బొమ్మలు! అయ్యో, నా బొమ్మలు!" అని ఆవిడ గుమ్మంలో నిలబడి కేకలు పెడుతుంటే, దారినపోయేవాళ్లు కూడా తలో పటం అందుకుని లోపలికి పరుగెత్తారు.

నాడేజ్ పరుగెత్తింది మాత్రం ఒకే ఒక్క పటం కోసం. కొన్నాళ్లుగా రేడియో స్టేషన్ నుంచి ఇంటికి వెళ్తూ రోజూ దాని ముందు ఆగుతోంది. ఎర్రమట్టి దారిలో తలమీద బుట్టలతో దిగుతున్న ఆడవాళ్లు, కింద నీలంగా సముద్రం. వరుసలో చివరామె మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ తిరగడంలో ఏదో ఉంది.

ఫ్రేమ్ పట్టుకుని లాగింది. పటం కదల్లేదు. అవతలి అంచు ఇంకెవరి చేతిలోనో ఉంది.

"వదలండి, నేను లోపల పెడతాను," అన్నాడతను.

"నేనే ముందు పట్టుకున్నాను. మీరు వదలండి."

"వానలో తడుస్తున్నదానికి ముందేంటి, వెనకేంటి?"

"అంత సాయం చెయ్యాలనుంటే ఆ పక్కన ఇంకా చాలా ఉన్నాయి. వాటిని మొయ్యండి."

"అదే మాట మీకూ చెప్పొచ్చుగా!"

ఇద్దరూ వదల్లేదు. అలాగే పక్కకి నడుస్తూ వెళ్లి, పటంతో సహా గుమ్మంలో ఇరుక్కుపోయారు. మదాం ఫెర్నాంద్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంటిది, పెళ్లిమండపానికి నడుస్తున్నారా? ఒకరు ముందుకు రండి, ఒకరు వెనకుండండి. బొమ్మ తడిసిపోతోంది!"

నాడేజ్ చెవులు వేడెక్కాయి. అతను పటాన్ని ఏటవాలుగా తిప్పి, వెనక్కి నడుస్తూ లోపలికొచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. జేబులోంచి కొలత టేపు బయటికి వేలాడుతోంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయినా ఆ ధ్యాస లేదు. ముందు జేబురుమాలు తీసి పటం తుడిచాడు. అది చూసి నాడేజ్‌కి కోపం కాస్త తగ్గింది. మరుక్షణమే మళ్లీ పెరిగింది.

"మదాం, దీన్ని నేను తీసుకుంటున్నాను," అన్నాడతను.

సరిగ్గా అప్పుడే నాడేజ్ కూడా అదే మాట అంది.

"ఇంకోటి గీయించి ఇవ్వండి మదాం, ఈయనకి," అంది నాడేజ్.

"గీసినవాడు జెరెమీ ఊరికి వెళ్లిపోయాడు తల్లీ. అత్తారింటికి. ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు."

"చూడండి," అన్నాడతను, ఈసారి గొంతు తగ్గించి. "ఇది మారిగో అనిపిస్తోంది నాకు. ఆవిడది ఆ ఊరే. పొద్దున కళ్లు తెరవగానే ఎదురుగా ఇది కనపడాలి. అందుకే అడుగుతున్నాను. లేకపోతే ఆడపిల్లతో వీధిలో కొట్లాడే రకాన్ని కాదు."

ఆవిడ! నాడేజ్ గుండెలో సన్నగా ఏదో గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం ఏమీ లేదు, ఈ మనిషిని చూసి ఇంకా తల కూడా ఆరలేదు. అయినా గుచ్చుకుంది.

"నాకూ అవసరమే. రేపు మా ఇంటికి పెళ్లివారు వస్తున్నారు. ముందుగదిలో గోడ బోసిగా ఉంది. అక్కడేదో ఒకటి ఉండి తీరాలి."

అతని మొహంలో ఏదో ఆరిపోయినట్టయింది. "ఓ," అన్నాడు.

మదాం ఫెర్నాంద్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇదిగో, ఇద్దరూ కలిసి కొనండి. రేపటిదాకా ఈ అమ్మాయి గోడకి, ఎల్లుండి నుంచి నీ గోడకి. తర్వాత సంగతి మీరూ మీరూ చూసుకోండి. నా కొట్టులో మాత్రం గొడవపడకండి, గిరాకీ బెదురుతుంది."

వాన వెలిసింది. పటం బరువు కాదు గానీ, నాడేజ్ చంకలో ఇమడలేదు. అతను తలమీదికెత్తుకుని వెనకే నడిచాడు. పేరు ఒస్నెల్ అన్నాడు. భూములు కొలిచే పని.

"అందుకేనా ఆ టేపు? నిద్రలో కూడా జేబులోనే ఉంటుందా?"

"దిండు కింద ఉంటుంది. మీ గొంతు ఎక్కడో విన్నట్టుంది."

"అందరూ అలాగే అంటారు," అని నవ్వేసి ఊరుకుంది నాడేజ్. పొద్దుటి కార్యక్రమం తనదేనని చెప్పలేదు. ఇంకొకరి మొగుడికి తన గురించి అంత వివరం ఎందుకు?

*

నాడేజ్ తల్లి మదాం తెరేజ్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చెల్లెలు లూడీ దర్జీ దగ్గరికి వెళ్లింది. పెళ్లివారు రావడం లూడీ కోసమే. అబ్బాయిది కస్టమ్స్‌లో ఉద్యోగం. పెద్దది ఉండగా చిన్నదానికా అని వీధిలో ఒకరిద్దరు అన్నారు కూడా. నాన్న సరిహద్దు దాటి దొమినికన్ దేశం వైపు పనికని వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నప్పటి నుంచీ ఇంటి బరువు నాడేజ్ మీదే ఉంది. తన పెళ్లి గురించి ఆలోచించే తీరికే దొరకలేదు. ఆ సంగతి తల్లికి తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాటెత్తదు.

వెళ్లిపోయిన మనిషి పెద్ద ఫోటోని మదాం తెరేజ్ ఇన్నేళ్లూ గోడ మీదే ఉంచింది. ఇరుగుపొరుగుల కోసమో, తన కోసమో ఎవరూ అడగలేదు. లూడీ సంబంధం మాటల్లో పడ్డాక ఒకరోజు స్టూలెక్కి దించేసింది. ఫోటో పోయింది గానీ దాని జాడ పోలేదు. గోడంతా ఎండకి వెలిసిపోయింది, ఆ నలుచదరం మేర మాత్రం రంగు కొత్తగా మెరుస్తోంది. గదిలో అడుగుపెట్టినవాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఒస్నెల్ కళ్లూ అక్కడికే పోయాయి. మదాం తెరేజ్ చటుక్కున కిటికీ వైపు తిరిగింది. అతను టేపు తీసి, ఆ జాడని కొలిచి, పటాన్ని కొలిచి, బుర్ర గోక్కున్నాడు.

"ఏమైంది?" అంది నాడేజ్.

"పటం చిన్నది. మచ్చ పెద్దది."

"ఎంత?"

"చుట్టూ బెత్తెడు మిగిలిపోతుంది."

నాడేజ్ సోఫాలో కూలబడింది. "వద్దులే, ఏమీ పెట్టొద్దు. పెళ్లివారొచ్చినప్పుడు నేనే గోడకి ఆనుకుని నిలబడతాను. కదలను."

"మీరూ సరిపోరు," అన్నాడు ఒస్నెల్, టేపు చివర ఆమె వైపు గాల్లో చాచి. "సన్నం."

నవ్వు రాకూడదనుకుంది. వచ్చేసింది. తల్లి కూడా కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగి చూసింది.

"ఆ గుమ్మానికి వేసిన నీలం రంగు ఏమైనా మిగిలిందా మదాం?" అని అడిగాడతను.

పెరట్లో డబ్బా అడుగున కాస్త ఉంది. జాడ అంచుల వెంట నీలం పట్టీ వేద్దామన్నాడు. మధ్యలో పటం వేలాడదీస్తే గోడకి కిటికీ పెట్టినట్టుంటుందన్నాడు. నాడేజ్ పాంటు మడిచి స్టూలెక్కింది. అతను కింద అంచు పట్టాడు. మదాం తెరేజ్ చిలగడదుంప రొట్టె కోసి, కాఫీ పెట్టి, మధ్యలో నిలబడి అజమాయిషీ చేసింది.

"అక్కడ వంకర పోయింది బాబూ."

"పోలేదు మదాం. కొలిచాను."

"నీ టేపుకి పోలేదేమో, నా కళ్లకి పోయింది."

"అయితే మీ కళ్లే కరెక్టు," అని మళ్లీ తుడిచి వేశాడు. మదాం తెరేజ్‌కి ఆ మాటతో అతను నచ్చేశాడు. ఇంకో ముక్క రొట్టె పెట్టింది.

స్టూలు దిగుతూ నాడేజ్ కాలు జారింది. పడలేదు. అతని చెయ్యి మోచేతి దగ్గర పట్టుకుంది. ఇద్దరి మధ్యా తడి రంగు వాసన. ఇంత దగ్గరగా చూస్తే అతని కనుబొమ్మ మీద నీలం చుక్క ఒకటి ఉంది. తుడవబోయి, 'ఆవిడ' గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను కూడా అప్పుడే, ఏదో గుర్తొచ్చినట్టు, వదిలేసి వెనక్కి జరిగాడు.

"మీ మొహాన రంగుంది," అంది.

"మీ మొహాన కూడా," అన్నాడు. ఇద్దరూ చెరో గుడ్డా తీసుకుని ఎవరి మొహం వాళ్లే తుడుచుకున్నారు.

పటం గోడకెక్కింది. నిజంగానే కిటికీ తెరిచినట్టుంది. మదాం తెరేజ్ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుమ్మం దగ్గర ఒస్నెల్ ఆగాడు. "రేపు అంతా బాగా జరగాలి. అతను... మంచివాడేనా?"

"బంగారం లాంటివాడు," అంది నాడేజ్, కాబోయే మరిదిని తలుచుకుని.

"మంచిది." చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఎల్లుండి నేనొచ్చి పటం తీసుకెళ్తాను."

"వద్దు, నేనే తెస్తాను. ఆవిడకి చెప్పండి, ఒక్కరోజే ఆలస్యమని."

ఆవిణ్ణి ఒకసారి చూడాలనిపించింది మరి. ఎందుకో తనకే తెలీదు.

*

ఆదివారం పెళ్లివారు చర్చిలో మాస్ ముగించుకుని నేరుగా వచ్చారు. ఆడవాళ్లు టోపీలతో, మగవాళ్లు ఆ ఎండలోనూ కోట్లతో. అబ్బాయి మేనత్త ఒకావిడ ఉంది. గది మొత్తం ఆవిడ కుర్చీలోనే ఉన్నట్టు అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. ఆవిడ మొదట పటాన్ని చూసింది. "బాగుంది. గాలి వస్తున్నట్టుంది," అంది. లూడీ ఊపిరి పీల్చుకుంది.

రెండో మాట, "అమ్మాయి తండ్రి కనపడరే?"

ఈ ప్రశ్నకి మదాం తెరేజ్ జవాబు ముందే తయారు చేసి పెట్టుకుంది. పనిమీద రాజధానికి వెళ్లాడనీ, రాలేకపోయాడనీ. నాడేజ్‌ని కూడా అదే చెప్పేలా ఒప్పించింది. తీరా సమయానికి ఆవిడ గోడ వైపు ఒకసారి చూసి, చేతిలో ట్రే కింద పెట్టింది.

"వెళ్లిపోయాడు. వేరే ఊళ్లో వేరే ఇల్లుందాయనకి. వీళ్లిద్దర్నీ నేనే పెంచాను. నాతోపాటు నా పెద్దకూతురూ మోసింది. ఇష్టమైతే మాట్లాడుకుందాం. కాకపోతే జ్యూస్ తాగి వెళ్లండి, చల్లగా ఉంది."

అబ్బాయి చెమట తుడుచుకున్నాడు. మేనత్త టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా ఆయన చచ్చిపోయాడని చెప్పుకుంటాను నేను," అంది మెల్లగా. "లె కే ఊళ్లో నిక్షేపంలా ఉన్నాడు. పళ్లు కూడా కట్టించుకున్నాడట." ఆవిడే ముందు నవ్వింది. ఆ తర్వాత మదాం తెరేజ్. ఆ నవ్వులోనే సంబంధం ఖాయమైపోయింది.

అందరూ వెళ్లాక మదాం తెరేజ్ పెద్దకూతురి పక్కన కూర్చుంది.

"ఆ టేపు అబ్బాయి బాగా పనిచేశాడు."

"ఊఁ."

"మళ్లీ వస్తాడా?"

"రాడమ్మా. అతనికి పెళ్లయింది."

తల్లి ఆమె తల మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచింది.

*

సోమవారం కార్యక్రమం అయ్యాక నాడేజ్ పటాన్ని ఒళ్లో పెట్టుకుని మోటార్‌సైకిల్ టాక్సీ వెనక కూర్చుంది. దారి పొడుగునా అది తెరచాపలా గాలి పట్టి లాగుతుంటే, "అమ్మాయ్, మనం రోడ్డు మీదున్నామా, పడవలో ఉన్నామా?" అని బండివాడు అరుస్తూనే ఉన్నాడు.

రేవు దగ్గర పాత కాఫీ గిడ్డంగి వెనక, ఒస్నెల్ చెప్పిన గుర్తుల ప్రకారమే, అతని ఇంటి తలుపు తెరిచే ఉంది. నాడేజ్ జుట్టు సర్దుకుంది. నవ్వు మొహం పెట్టుకుంది. లోపల అడుగుపెట్టగానే ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ముందుగదిలో మంచం మీద ఒక ముసలామె పడుకుని ఉంది. తల గుమ్మం వైపు, కాళ్లు ఖాళీ గోడ వైపు. నడుం విరిగి లేవలేని మనిషని చూడగానే తెలుస్తోంది. పక్కన స్టూలు మీద రేడియో.

"ఎవరది? ఆ చెప్పుల చప్పుడు మన వీధిది కాదే," అంది ముసలామె, తల తిప్పకుండానే.

"నేనండీ, ఒస్నెల్ గారికి పటం ఇవ్వడానికి వచ్చాను."

"ఆగాగు. ఇంకోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు?"

"'జాక్మెల్, నిద్ర లేచారా?' అను."

నాడేజ్ అనేసింది, రోజూ మైకులో అన్నట్టే. ముసలామె రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. "ఒరేయ్ ఒస్నెల్! రేడియో పిల్ల మనింటికొచ్చిందిరా! పొద్దున్నే నన్ను లేపే పిల్ల!"

పెరట్లోంచి ఒస్నెల్ సుత్తితో పరుగెత్తుకొచ్చాడు. నాడేజ్‌ని చూసి ఆగాడు. ఆ గొంతు ఎక్కడ విన్నాడో అప్పుడు వెలిగింది అతనికి. మామ్మ గదిలోంచి, గోడ అవతలి నుంచి, పళ్లు తోముకుంటూ.

"మీరా? ఏళ్ల తరబడి మా ఇంట్లోనే ఉన్నారన్నమాట!"

"నాకెవరూ చెప్పలేదు మరి," అంది నాడేజ్.

అతను గోడకి మేకు ఆనించాడు. అటే తిరిగి మాట్లాడాడు. "నిన్న ఎలా జరిగింది? కుదిరిందా?"

"కుదిరింది. డిసెంబర్లో పెళ్లి."

సుత్తి మేకు మీద పడలేదు, బొటనవేలి మీద పడింది.

"అయ్యో! చూసి కొట్టండి. లూడీ అప్పుడే తెల్లబట్ట కూడా కొనేసింది. దాని తొందర చూడాలి."

ఒస్నెల్ వేలు నోట్లో పెట్టుకునే అడిగాడు, "లూడీ ఎవరు?"

"మా చెల్లి. పెళ్లికూతురు. ఇంకెవరు?"

అతను వేలు నోట్లోంచి తీశాడు. ముందు కళ్లు నవ్వాయి, తర్వాత మొహం, తర్వాత మొత్తం మనిషి. వేలు వాచిపోయిన సంగతే మర్చిపోయినట్టున్నాడు.

"మీ ఆవిడ లేరా?" అంది నాడేజ్, గొంతు మామూలుగా ఉంచడానికి చాలా కష్టపడి. "పొద్దున కళ్లు తెరవగానే చూడాలన్నారుగా?"

మంచం మీద నుంచి కిలకిలా నవ్వు. "వీడికా! ఆవిడా! ఇదిగో అమ్మాయ్, ఆ ఆవిడ నేనే. సిలియానా అంటారు. వీడు కొలవడం తప్ప అడగడం రాని వెధవ. వీడికి పెళ్లాం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నాడేజ్ పటాన్ని గబగబా అందించింది. ఇక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక మళ్లీ అందుకుని తనే సరిచేసింది. పటం గోడకెక్కింది. ఇద్దరూ ఆత్రంగా మామ్మ మొహం చూశారు.

సిలియానా మామ్మ కళ్లు చికిలించింది. "ఏ ఊరిది?"

"మారిగో మామ్మా! నీ ఊరు!"

"మారిగోనా? మా దారి ఇంత నున్నగా ఎక్కడేడిసింది? ఆ చెట్లేంటి? ఇది మారిగో కాదురా నాయనా."

ఒస్నెల్ మొహం వాడిపోయింది. మామ్మ అతని చెయ్యి దగ్గరికి లాక్కుంది.

"బొమ్మ బాగుంది, కాదనను. కానీ నాకు గోడ వద్దురా. సముద్రం బోలెడంత చూశాను. నాకు మనుషులు కావాలి. పొద్దున్నుంచీ వీధంతా నా తలవెనక నడుస్తుంటుంది. ఎవరు పోతున్నారో చెప్పుల చప్పుడుతో పోల్చుకుంటున్నాను. మంచం అటు తిప్పు, చాలు."

"ఇన్నాళ్లూ చెప్పొచ్చుగా మామ్మా?"

"నువ్వంత సంబరంగా గోడ కొలుచుకుంటుంటే ఎలా చెప్పను?"

అతను కళ్లు తుడుచుకోవడం చూసి నాడేజ్ తల తిప్పుకుంది. తర్వాత ఇద్దరూ చెరో పక్కా పట్టి మంచం తిప్పారు. నేల మీద మంచం కోళ్లు కీచుమన్నాయి. ఇప్పుడు మామ్మ మొహం గుమ్మానికెదురుగా ఉంది. వెలుగు మీద పడగానే ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది.

వీధిలో చేపలమ్మే క్లోదెత్ తలమీద గంపతో పోతోంది. "మామ్మా! కనపడుతున్నావే!"

"కనపడతాను, రోజూ కనపడతాను! ఇదిగో క్లోదెత్, ఇలా రా. ఈ పిల్లెవరో తెలుసా? రేడియో పిల్ల. మావాడి కోసం వచ్చింది!"

"మామ్మా!" అన్నాడు ఒస్నెల్.

"అబ్బో! పెళ్లెప్పుడు?" అంది క్లోదెత్.

ఒస్నెల్ పటానికంటే ఎర్రగా అయిపోయాడు. నాడేజ్ అతన్ని చూసింది. తనకి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. మైకు ముందు కూర్చున్నట్టే స్పష్టంగా అంది, "ఇంకా అడగలేదండీ ఆయన."

క్లోదెత్ గంప దించి అరుగు మీద పెట్టింది. చేపలు ఎటూ పోవన్నట్టు, దాని పక్కనే కూర్చుంది. ఎదురింటావిడ గిన్నె తోముతూ తోముతూ బయటికొచ్చింది.

"నేను..." అన్నాడు ఒస్నెల్. "అంటే, మొన్న వానలో... మీరు వదలకుండా పట్టుకున్నారు చూడండి... అప్పుడే అనుకున్నాను. తర్వాత పెళ్లివారన్నారు. స్టూలు మీంచి జారినప్పుడు చెయ్యి వదలాల్సొచ్చింది. వదలబుద్ధి కాలేదు. మీరంటే నాకు ఇష్టం."

"గట్టిగా చెప్పవయ్యా, ఇటు వినపడలేదు!" అంది ఎదురింటావిడ.

"మీరంటే నాకు ఇష్టం!" అని అరిచాడు ఒస్నెల్. గిడ్డంగి మీద పావురాలు లేచిపోయాయి.

వీధి మొత్తం నాడేజ్ వైపు తిరిగింది. ఊరికంతా మాట్లాడే పిల్ల మాటలు పక్కన పెట్టింది. రెండడుగులు వేసి అతని ముందు నిలబడింది. వాచిన ఆ బొటనవేలిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకోసారి 'మీరు' అన్నావంటే ఊరుకోను," అంది. "ఆదివారం మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టుకుని తీసుకురా."

"కుర్చీ ఎత్తడానికి మా ఇంట్లో ఇద్దరున్నారు!" అంది క్లోదెత్.

మంచం మీద సిలియానా మామ్మ అప్పటికే ఏ గౌను వేసుకోవాలో ఎదురింటావిడతో వాదిస్తోంది.